పగడాలకి కాళ్ళుండవు బాబూ!

రీఫ్ అక్వేరియం పెట్టే మన సాఫ్ట్‌వేర్ మిత్రులకో మనవి. 500 లీటర్ల టాంకుకి ఒకే ఒక్క పెద్ద పంపు కొని, "గంటకి 10,000 లీటర్లు, 20 రెట్లు, లెక్క సరిపోయింది" అంటారేంటండీ? పగడం కదల్లేదు. తిండీ, ఆక్సిజనూ నీళ్ళే తెచ్చివ్వాలి, మలినం నీళ్ళే మోసుకుపోవాలి. ఎప్పుడూ ఒకవైపు నుంచే ధార కొడితే ఎదురుగా ఉన్నదాని కండ ఊడొస్తుంది, రాళ్ళ వెనకున్నది చెత్తలో కూరుకుపోతుంది. రెండు పగడాల్ని చంపుకున్నాక గానీ నాకు బుద్ధి రాలేదు.

లీటర్లు అవే ఉంచి రెండు చిన్న పంపులు కొనండి. ఎదురెదురు గాజుగోడలకి బిగించి, వేగం మార్చి మార్చి నడపండి. సముద్రంలోలా నీళ్ళు అటూ ఇటూ ఊగాలి. ధార పగడం మీదకి కాదు, నీటి పైభాగం వైపు తిప్పండి. ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది. సర్వర్‌కి బ్యాకప్ లేదని గొడవపెట్టే మనం, ప్రాణాలకి ఒక్క పంపు చాలంటామా?