మురుగు పట్టణానిది, నీరు పల్లెది

2011 జనగణన ప్రకారం కోరుట్ల పట్టణ జనాభా 66 వేల పైచిలుకు. మిషన్ భగీరథ లెక్కన మునిసిపాలిటీలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇస్తే, ఎనభై శాతం మురుగుగా బయటికి వస్తుంది. అనగా దినానికి సుమారు 70 లక్షల లీటర్లు. నీరు పల్లానికే పోతుంది. పల్లాన ఉన్నవి వరి మళ్లు, పసుపు చేలు, పశువులు దిగే వాగులు.

ఈ మురుగును ఎంతవరకు శుద్ధి చేయాలన్నదే చిక్కు. కుళ్లును కొలిచే బి.ఓ.డి. లీటరుకు 30 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చునని 2017లో కేంద్రం చిన్న పట్టణాలకు సడలింపు ఇచ్చింది. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దానిని కాదని, దేశమంతటా 10 మించరాదన్నది. రైతు దృష్టిలో ఇది న్యాయమే. హైదరాబాదు మురుగుకు ఒక నీతి, కోరుట్ల మురుగుకు మరొక నీతి ఏమిటి?

అయితే 30కి దించుటకు మడుగులు చాలును, స్థలం ఉండాలి అంతే. 10కి దించాలంటే యంత్రాలు, రేయింబవళ్లు కరెంటు, పని తెలిసిన మనిషి కావాలి. కట్టుటకు పైనుంచి నిధులు రావచ్చు గాని నెలనెలా కరెంటు బిల్లు మునిసిపాలిటీ నెత్తినే పడుతుంది. బిల్లు కట్టలేక ఆగిన యంత్రం కంటే పనిచేసే మడుగు మేలు కాదా!

నత్రజనిని కూడా 10కి తగ్గించాలట. నదిలో కలిసే నీటికి అది అవసరమే. పొలానికి పారే నీటిలో మాత్రం అది ఎరువే. అక్కడ భయం రోగక్రిములతో. కనుక ముందు మడుగులు తవ్వి క్రిములను అరికట్టాలి. నిర్వహణకు నిధి చూపిన తరువాతనే యంత్రాలు బిగించాలి. ఈ మేరకు గడువు కోరవలసినది ప్రభుత్వమే. మడుగులు ఏ ఊరి శివారులో తవ్వాలన్నది ఆ ఊరి గ్రామసభను అడిగి నిర్ణయించాలి.