రేకులు దించే పద్ధతి మనకక్కర్లేదా?

సంపాదకుల వారికి,

గత ఆదివారం సంచికలో అమెరికాలోని వాల్తామ్ పట్టణం గురించి మీ వ్యాసకర్త రాసింది చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. మూతబడ్డ ఫెర్నాల్డ్ కేంద్రంలో ఆస్బెస్టాస్ తీయించడానికి అక్కడి పాలకులు పడుతున్న అవస్థంతా వర్ణించి, చివర ఆయన విసిరిన మాట పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మనం మూడు తరాలుగా రేకుల కింద కాపురాలు చేస్తున్నాం, మనకేమైంది, తెల్లవాళ్ళకు దుమ్మన్నా భయమే అని. చదివి నవ్వుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు. నాకు నవ్వు రాలేదు.

మనకేమీ కాలేదని తేల్చినవారెవరు? ఆస్బెస్టాస్ నార ఊపిరితిత్తుల్లో చేరాక జబ్బు బయటపడటానికి ఇరవై నుంచి నలభై ఏళ్ళు పట్టవచ్చు. ఈలోగా కూలీ ఊరు మారతాడు, పని మారతాడు. ఆయాసమని ఆస్పత్రికి వెళితే టీబీ పరీక్ష రాస్తారు, బీడీలు మానమంటారు. వయసులో ఉన్నప్పుడు ఏ షెడ్డు కూలగొట్టావని అడిగే డాక్టరు ఎక్కడున్నాడు? అడగనిచోట లెక్క ఉండదు. లెక్క లేదు గనక జబ్బూ లేదనడం, హాజరు తీయకుండానే పిల్లలందరూ బడికి వచ్చారని రిజిస్టరులో రాసినట్టుంది.

పోనీ ఫెర్నాల్డ్ గురించైనా సరిగ్గా రాశారా? ‘దయ్యాల కొంప’ అని శీర్షిక పెట్టి సరిపెట్టారు. 1848లో మొదలైన సంస్థ అది. బుద్ధి ఎదగని పిల్లల కోసమని పెట్టి, ఏ లోపమూ లేని అనాథలను కూడా అందులో పడేశారు. 1940, 50 దశకాల్లో సైన్స్ క్లబ్ అని ఆశ చూపి, రేడియోధార్మిక పదార్థం కలిపిన ఓట్స్ జావను అక్కడి మగపిల్లలకు తాగించి ఎంఐటీ శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేశారు. మీ వ్యాసంలో దయ్యాలకు దొరికిన చోటు ఆ పిల్లలకు దొరకలేదు. ఆ కేంద్రం 2014లో పూర్తిగా మూతపడింది, ఆ ఏడే వాల్తామ్ పట్టణం ఆ స్థలాన్ని రాష్ట్రం దగ్గర కొన్నది. అక్కడివాళ్ళేమీ ధర్మరాజులు కారు. భవనాలను ఏళ్ళ తరబడి గాలికొదిలేశారు. రోగుల కాగితాలు ఆ గదుల్లోనే చెల్లాచెదురుగా పడి ఉన్న సంగతి పత్రికలకెక్కి పరువు పోయింది. మా తమ్ముడి కూతురు బోస్టన్ దగ్గరే ఉంటుంది. అక్కడి జనం పాలకులను ఇప్పటికీ తిడుతూనే ఉంటారట. అయితే వాళ్ళు తిట్టేది ఆలస్యం చేసినందుకు. తీయించడమెందుకని ఎవరూ అడగరట.

భయం ఎందుకో కూడా చెబుతాను. అలాంటి పాత ప్రాంగణాల్లో ఆవిరి గొట్టాలకు, బాయిలర్లకు వేడి పోకుండా చుట్టింది ఈ నారే. మనం దాన్నే సిమెంటులో కలిపి రేకులు పోశాం. రేకు నెత్తిన కదలకుండా ఉన్నంతకాలం ప్రమాదం తక్కువ. కోసినా, బెజ్జం వేసినా, పగలగొట్టినా కంటికి కనిపించని నార గాల్లోకి లేస్తుంది. అందుకే అక్కడ తడిపి, వీలైనంతవరకు పగలకుండా తీసి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి పంపిస్తారు. ఇందులో వెక్కిరించడానికేముంది? నీళ్ళ గొట్టం, ప్లాస్టిక్ పట్టా మన దేశంలో దొరకవా?

నా కోపానికి కారణం ఉంది. మా పెరటి గోడకు ఆనుకుని ఒక పాత ప్రభుత్వ హాస్టల్ ఉండేది. పిల్లలను కొత్త భవనంలోకి మార్చాక చాలాకాలం ఖాళీగా పడి ఉండి, మొన్న ఎండాకాలం దాన్ని కూల్చారు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకు ఒక్క మాట చెప్పినవాడు లేడు. ఆ పొద్దున నేను డాబా మీద పాత చీర పరిచి బూడిద గుమ్మడి వడియాలు పెట్టాను. కాయ తరిగి, ఉప్పు పట్టించి, మూటగట్టి బరువు కింద నీరు దించి, మినప్పప్పు రుబ్బి, తెల్లారకుండానే డాబా ఎక్కి పెట్టడం ఈ మోకాళ్ళతో ఎంత పనో చేసినవాళ్ళకే తెలుసు. ఎండ కాస్త ఎక్కిందో లేదో, ఇద్దరు కుర్రాళ్ళు హాస్టల్ షెడ్డు మీదికెక్కి సమ్మెటలతో రేకులు మోది ముక్కలు కిందికి తోయసాగారు. మొహాలకు తువ్వాలు కూడా లేదు. బూడిదరంగు దుమ్ము లేచి మా డాబా మీద, ఆరేసిన బట్టల మీద, వడియాల మీద పరుచుకుంది. కింద ఒకామె చీపురుతో ఆ పొడి ఊడుస్తుంటే, ఆమె చంటిపిల్ల పక్కనే కూర్చుని ముక్కలతో ఆడుకుంటోంది.

గోడ మీంచి మేస్త్రిని కేకేసి, “బాబూ, కాసిని నీళ్ళన్నా చల్లించి దించండయ్యా” అన్నాను. “ఎస్టిమేట్లో నీళ్ళు లేవమ్మా” అన్నాడు. నిజమే, లేవు. వడియాలన్నీ మూటగట్టి పారేశాను. “దులిపి వేయించుకుంటే పోయేదిగా పిన్నిగారూ” అంది పక్కింటావిడ. ఆవిడా మీ పత్రిక చందాదారే.

అర్జీ పట్టుకుని వెళితే, శానిటరీ వాళ్ళు కూల్చివేత ఇంజినీర్లదన్నారు. ఇంజినీరుగారు భవనం హాస్టల్ శాఖదన్నారు. ఆ శాఖవాళ్ళు కాంట్రాక్టరుకు అప్పజెప్పేశామన్నారు. కాలుష్యం సంగతైతే జిల్లా కేంద్రానికి వెళ్ళమన్నారు. అర్జీ మీద ముద్రలు మాత్రం చక్కగా పడ్డాయి. ఈలోగా బాగున్న రేకులు ట్రాక్టరెక్కి ఎవరి వంటింటి కప్పుకో అమ్ముడుపోయాయి. విరిగినవి మా వీధి చివర గుంతలో పోసి పైన మట్టి కప్పారు.

ఇంకొకటి. ఆ వ్యాసం పక్కన మీరు వేసిన ఫొటోలో ఉన్నవి ఆస్బెస్టాస్ రేకులు కావు, జింకు రేకులు. తుప్పు పట్టి ఎర్రగా కనిపిస్తూనే ఉన్నాయి. సిమెంటు రేకు తుప్పు పట్టదని హైస్కూలు పిల్లవాడు చెబుతాడు. ఇదివరకు ఇలాంటి తప్పే చూపించి రాస్తే, నా ఉత్తరంలో తప్పు సంగతి తీసేసి, మొదట మర్యాదకు రాసిన పొగడ్త మాత్రం వేశారు. ఈసారి పొగడ్త కోసం వెతక్కండి, రాయలేదు.

అసలు విషయానికొస్తే, ఇది తెల్లవాళ్ళ గొడవేమీ కాదు. ఒకప్పుడు మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనే రాతినార, అంటే ఈ ఆస్బెస్టాసే, తవ్వారు. దేశంలో తవ్వకాలు ఆగినా, రష్యా వంటి దేశాల నుంచి తెప్పించుకుని రేకులు పోస్తూనే ఉన్నాం. జపాన్, ఆస్ట్రేలియా సరే, పక్కనున్న నేపాల్ కూడా వద్దనుకుంది. ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీ కార్మికుల ఆరోగ్య రికార్డులు నలభై ఏళ్ళు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లోనే ఆదేశించింది. మరి మా హాస్టల్ కప్పు మీద సమ్మెట పట్టిన కుర్రాడి రికార్డు ఎవరు రాస్తారు? 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల జాబితాలో పారేసిన ఆస్బెస్టాస్ పేరుంది. అలాంటి వ్యర్థాలను పూడ్చే కేంద్రాలు విశాఖ దగ్గర పరవాడలో, హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో ఉన్నాయి. మా వీధి గుంత ఆ జాబితాలో ఉన్నట్టు నాకు తెలియదు.

పేదలు రేపే ఇళ్ళ కప్పులు పీక్కోవాలని నేననడం లేదు. వాళ్ళకు అంతకంటే చవకైన నీడ లేదు. నిషేధం సంగతి ఢిల్లీలో తేలాలి. రేకు దించే పద్ధతి మాత్రం మన మునిసిపాలిటీలు, మన శాఖలు ఇవాళే తేల్చుకోవచ్చు. బడి, హాస్టల్, ఆస్పత్రి, ఏ ప్రభుత్వ భవనం కూల్చినా రేకులు తడిపి పగలకుండా దించాలని, దించేవాళ్ళకు నారను ఆపే మాస్కులివ్వాలని, విరిగినవి చుట్టగట్టి వ్యర్థాల కేంద్రానికి పంపాలని టెండరులో రాయాలి. ఆ ఖర్చు ఎస్టిమేట్లోనే చూపాలి.

మీ వ్యాసకర్త వచ్చే ఆదివారం కూడా అమెరికా మీదే రాస్తానంటే రాయనివ్వండి. ఒక విలేకరిని మాత్రం పంపి, ఈ ఏడాది మన జిల్లాలో కూల్చిన ప్రభుత్వ భవనాల రేకులు ఏ గుంతల్లో చేరాయో కనుక్కుని రాయించండి.

— ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా