శాస్త్రసభ యెచ్చట జరుగవలెను?

వరివిత్తనపు సంచులపై ఎం.టి.యు. అను మూడు పొడియక్షరములను మన విద్యార్థులలో పెక్కుమంది చూచియే యుందురు. అవి మారుటేరు గ్రామమునకు గుర్తు. పశ్చిమ గోదావరి జిల్లాలోని యా గ్రామమున 1925లో వరి పరిశోధనాస్థానము వెలసినది. 2025తో దానికి నూఱేండ్లు నిండినవి. వసిష్ఠ, మసూరి యను రెండు రకములను సంకరముచేసి సాధించిన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, అచ్చటనే రూపొంది 1982లో వెలువడి, ఒడిసా, బెంగాలు రైతులకు సైతము ప్రియమైనది. మన కృష్ణాడెల్టాలోని బాపట్లలో పుట్టి 1986లో వెలువడిన సాంబమసూరి సంగతి చెప్పనక్కఱలేదు. అది మన కంచములోనే యున్నది.

ఇట్టి పరిశోధనాలయములు ప్రయోగములకేగాక సభలకును స్థానములు. మారుటేరున శాస్త్రజ్ఞులు, వ్యవసాయోద్యోగులు, రైతులు కూడి పంటల మంచిచెడ్డలను చర్చించుట వాడుకలో నున్నది. అయితే పెద్ద సభలను విజయవాడవంటి నగరములలోని చల్లని మందిరములందు జరుపుటయే గౌరవమని కొందఱందురు. పల్లెకు ప్రయాణము కష్టము, బసలు చాలవు అని వారి వాదము. అందు కొంత నిజము లేకపోలేదు. అయినను వరినిగూర్చిన సభ వరిచేని చెంతనే జరుగుట మేలని మా యభిప్రాయము.

ఒక యుదాహరణము చూతము. మురుగు కదలక చేలు మునుగుట డెల్టావారి కెఱుకయే. మునిగిన వరి సామాన్యముగా నీటిపైకి రావలెనని తొందరగా సాగి, తనలో దాచుకొన్న చక్కెరను వెచ్చించుకొని, నీరు తీసినపిదప కూలిపోవును. ఒడిసాకు చెందిన ఎఫ్.ఆర్. 13ఎ అను పాతరకము ఎదుగుదల నాపుకొని, నీరు తీయగానే మరల చిగిర్చును. ఆ గుణమును ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థవారు స్వర్ణలో చేర్చగా, స్వర్ణ-సబ్ 1 అను పేర 2009లో మనదేశమున విడుదలయైనది. అది సుమారు రెండువారముల ముంపు నోర్చును. మందిరములో నిది పటముపై నొక గీత. చేనిగట్టుననో, నీరు తేటగా నుండెనా, బురదగా నుండెనా, ఎన్నాళ్లు నిలిచెను అని రైతు వెంటనే యడుగును. శాస్త్రమునకు గీటురాయి యా ప్రశ్నయే.

స్థలము మాత్రమే చాలదు. మేము చూచిన యొక సభలో ముసలి కౌలురైతొకడు వెనుకవరుసను రెండుగంటలు చేతులు కట్టుకొని కూర్చుండెను. ఉపన్యాసములన్నియు నింగ్లీషుననే సాగినవి. తుదకు లేచిపోవుచు, "బాబూ, మా చేల సంగతేమైనా వచ్చిందా?" అని మమ్మడిగెను. మేము సిగ్గుపడితిమి. విత్తనము తప్పినచో నష్టపోవువాడతడు. సభలో మాట తెలియనివాడును అతడే. సూక్ష్మవిషయములకు ఇంగ్లీషు కావలసినచో ఉండనిండు. కాని ప్రతి సభలోను ఒక పూట తెలుగున సారము చెప్పి, రైతుల ప్రశ్నలకు బదులిచ్చుట నియమము కావలెను.

ఆ పూట పాఠశాలల బాలబాలికలకును ఒక వరుస విడువవలెనని కోరుచున్నాము. రైతుబిడ్డలు పొలము విడిచిపోవుచున్నారని పెద్దలు విచారించుచున్నారు. పొలములో నింత శాస్త్రము కలదని వారి కెవరు చూపిరి? రాబోవు సంవత్సరమున మన పై తరగతులవారి నొకమారు మారుటేరునకు తోడ్కొని పోవలసినదిగా ఉపాధ్యాయులను, తలిదండ్రులను వేడుచున్నాము.