స్వతంత్ర ఉజ్బెకిస్తాన్‌లో ఓటు విలువెంత?

బుఖారా, సమర్‌ఖంద్ పేర్లు మన ఇళ్ళలో పిల్లలకు సైతం తెలుసు. ఆ నగరాలున్న ఉజ్బెకిస్తాన్ 1991లో సోవియట్ యూనియన్ నుంచి విడివడి స్వతంత్ర దేశమైంది. జెండా మారింది. పాలకుడు మాత్రం మారలేదు. అంతకుముందు అక్కడి కమ్యూనిస్టు పార్టీకి అధిపతిగా ఉన్న ఇస్లాం కరీమోవ్, 2016లో మరణించేదాకా అధ్యక్షుడిగానే కొనసాగారు.

మరి ఎన్నికలు జరగలేదా? జరిగాయి. 2000లో ఆయనపై పోటీచేసిన ఏకైక అభ్యర్థి, తన ఓటు కూడా కరీమోవ్‌కే వేశానని చెప్పాడు! 1995లో ఒకసారి, 2002లో మరోసారి ప్రజాభిప్రాయ సేకరణ జరిపి పదవీకాలం పొడిగించుకున్నారు. 2005 మే నెలలో అందిజాన్‌లో గుమిగూడిన జనంపై బలగాలు కాల్పులు జరిపాయి. మృతులు 187 మందేనని ప్రభుత్వం ప్రకటించింది. అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువని మానవ హక్కుల సంస్థలు అన్నాయి.

కరీమోవ్ తరువాత వచ్చిన మిర్జియోయెవ్ హయాంలో పత్తి పొలాల్లో ప్రభుత్వం చేయించే వెట్టిచాకిరీ ఆగింది. అనేకమంది ఖైదీలు విడుదలయ్యారు. ఇది మెచ్చదగిన మార్పే. అయితే 2023లో ఆయన కూడా ప్రజాభిప్రాయ సేకరణతోనే అధ్యక్షుడి పదవీకాలాన్ని అయిదేళ్ళ నుంచి ఏడేళ్ళకు పెంచి, మళ్ళీ పోటీచేసి గెలిచారు.

పరాయి పాలన పోతే దేశానికి ఆజాదీ వస్తుంది. సొంత పాలకుణ్ణి ఓటుతో దించగలిగిన రోజున ఆ ఆజాదీ ప్రజల ఇంటిదాకా వచ్చినట్లు.