పాత ఉయ్యాలకు కొత్త రంగు

మీ అక్క తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిందనుకోండి. ఆళ్లగడ్డలో అత్తవారిల్లు, నంద్యాలలో పుట్టిల్లు. ఇంట్లో సందడి మొదలవుతుంది. అటక మీదినుంచి పాత కొయ్య ఉయ్యాలను దించుతారు. మీ అమ్మను, మామను, బహుశా మీ అవ్వను కూడా ఊపిన ఉయ్యాల అది. రంగు అక్కడక్కడ పెచ్చులూడి ఉంటుంది. ‘సెలవులే గదా, ఖాళీగా ఉన్నావు, దీన్ని బాగా రుద్ది పెట్టు, రంగు వేద్దాం’ అని ఒక ఉప్పు కాగితం ముక్క మీ చేతికిస్తారు.

ఆ ఉప్పు కాగితం తీసుకోకండి. పెద్దలు చెప్పిన పని చేయవద్దని ఉపాధ్యాయుడు చెప్పడమేమిటని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. కారణం వినండి.

రంగు అంటే ఏమిటి? నూనెలోనో, జిగురు పదార్థంలోనో కలిపిన మెత్తని పొడి. ఆ పొడే రంగునిస్తుంది. పాతకాలపు రంగులలో ఈ పొడులు చాలావరకు సీసపు సంయోగ పదార్థాలు. వడ్రంగులు సఫేదా అని పిలిచే తెల్లని పొడి ఒకప్పుడు సీసపు కార్బొనేటు. ఇనుప గేట్లకు అడుగు పూతగా వేసే ఎర్రని పొడి సీసపు ఆక్సైడు. నిమ్మపండు పసుపుపచ్చ సీసపు క్రోమేటు. దానికి కొన్ని మార్పులు చేస్తే నారింజ, ఎరుపు రంగులు కూడా వచ్చేవి. రంగు త్వరగా ఆరడానికి కూడా సీసపు లవణాలను కలిపేవారు. సీసం కలిస్తే రంగు నిగనిగలాడుతుంది, ఎండకు వానకు ఆగుతుంది. అందుకే దానిని వదులుకోవడానికి కంపెనీలు అంత తొందరగా ఇష్టపడలేదు. పిల్లల వస్తువులకు వేసేది సాధారణంగా ఏ రంగులో గుర్తు చేసుకోండి. ఎరుపు, పసుపు, నారింజ!

ఈ సీసం సంగతి మొదట బయటపడింది మనలాగే ఎండలు మండే ఒక ఊరిలో. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో 1892 నాటికి కొందరు పిల్లలు వింత జబ్బుతో ఆసుపత్రికి రావడం మొదలైంది. కడుపునొప్పి, చేతులు కాళ్ళు చచ్చుబడడం, ఒక్కోసారి చూపు దెబ్బతినడం. జెఫరిస్ టర్నర్ తదితర వైద్యులు ఇది సీసపు విషమని గుర్తించారు. కాని సీసం ఎక్కడినుంచి వస్తున్నది? నీళ్ళనుంచా? పాత్రలనుంచా? లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి వైద్యుడు పిల్లల ఇళ్ళ వరండాలను పరిశీలించి 1904లో సమాధానం చెప్పాడు. ఇళ్ళ ముందు కొయ్య కటకటాలకు సీసపు రంగు వేసేవారు. ఎండకు అది పొడిపొడిగా రాలుతుంది. పిల్లలు కటకటాలు పట్టుకొని ఆడుకొంటారు, ఆ చేతులే నోట్లో పెట్టుకొంటారు. అంతే! గోళ్ళు కొరికే అలవాటు, వేలు చీకే అలవాటు ఉన్న పిల్లలకే జబ్బు ఎక్కువ. గిబ్సన్ మాట వెంటనే ఎవరూ నమ్మలేదు. పద్దెనిమిదేళ్ళ తరువాత, 1922లో, పిల్లల చేతికి అందే చోట సీసపు రంగు వాడరాదని అక్కడ చట్టం వచ్చింది.

అమెరికాలో ఇండ్ల రంగులలో సీసాన్ని నిషేధించింది 1978లో. మన దేశంలో నిబంధన వెలువడింది 2016 నవంబరు 1న, అమలులోకి వచ్చింది 2017 నవంబరు 1న. ఇళ్ళకు వాడే రంగులలో సీసం పది లక్షల భాగాలలో 90 భాగాలకు మించరాదు. అంటే బ్రిస్బేన్ చట్టానికి, మన నిబంధనకు మధ్య 95 ఏళ్ళు! నిబంధన వచ్చిన తరువాత కూడా కొన్ని చిన్న కంపెనీల రంగులలో ఎక్కువ సీసం ఉన్నట్లు ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ పరీక్షలలో తేలింది. ఇక మీ ఉయ్యాల ఎప్పటిది? నంద్యాల జిల్లా ఏర్పడింది 2022లో. మన ఇళ్ళలోని ఉయ్యాలలు జిల్లాకన్నా ఎన్నో ఏళ్ళు పెద్దవి.

ఇప్పుడొక చిన్న లెక్క చేద్దాం. పాత రంగులో నూటికి ఒక వంతు సీసం ఉన్నదనుకొందాం. పాత రంగులకు ఇది అసాధారణమేమీ కాదు. పది మిల్లీగ్రాముల పెచ్చు, అంటే చిటికెన వేలి గోటిపై ఇమిడేంత పెచ్చు, బిడ్డ మింగిందనుకొందాం. అందులోని సీసం ఎంత? పది మిల్లీగ్రాములలో నూరవ వంతు, అంటే 100 మైక్రోగ్రాములు. అమెరికా ఆహార, ఔషధ శాఖ పసిపిల్లల విషయంలో హద్దుగా పెట్టుకొన్న అంకె రోజుకు 2.2 మైక్రోగ్రాములు. భాగించి చూడండి. ఒక్క పెచ్చులో ఎన్ని రోజుల హద్దు ఉన్నదో మీకే తెలుస్తుంది.

పెద్దవాళ్ళకు లేని ప్రమాదం పిల్లలకెందుకు? పెద్దవాళ్ళకూ ఉన్నది, కాని పిల్లల కడుపు అదే మోతాదు సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకొంటుంది. మన శరీరం సీసాన్ని చూసి కాల్షియమని పొరబడుతుంది. కాల్షియం వెళ్ళే దారులన్నిటా దానినీ పోనిస్తుంది. ఎదిగే మెదడులో నరాల మధ్య కబుర్లు నడిపే పనిలో కాల్షియానిది పెద్ద పాత్ర. అక్కడ సీసం దూరితే కబుర్లు తారుమారవుతాయి. ఎముకలలో చేరిన సీసమైతే పదుల ఏళ్ళు అక్కడే ఉండిపోతుంది. గర్భిణి ఎముకలనుంచి బిడ్డ కోసం కాల్షియం కరిగినపుడు దానితోపాటు సీసమూ బయటికి వస్తుంది. రక్తంలో ఇనుము తక్కువైన వారు సీసాన్ని ఇంకా ఎక్కువగా పీల్చుకొంటారు. మన ఆడపిల్లలలో రక్తహీనత ఎంత ఎక్కువో మీకు నేను చెప్పనక్కరలేదు. అందుచేత ఇంట్లో ఉయ్యాల గీకుతూ ఉంటే ముందుగా నష్టపోయేది బిడ్డకన్నా మీ అక్క.

ఇక్కడ మీ అవ్వ ఒక మాట అంటుంది. ‘మేమందరం ఆ ఉయ్యాలలోనే పెరిగాము, మాకేమయింది?’ ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. చాలామందికి పైకి కనిపించేదేమీ కాదు కూడా. కాని తక్కువ మోతాదు సీసం జ్వరంలా, దద్దురులా కనిపించదు. చదువులో కాస్త వెనుకబాటు, నిలకడ లేకపోవడం, ఇంతే. ఒక్క బిడ్డను చూసి ఎవరూ పసికట్టలేరు. వేలమందికి రక్తపరీక్షలు చేస్తేనే తెలుస్తుంది. బెంగుళూరులోని జార్జ్ ఫౌండేషన్ అలాంటి పరీక్షలు మన పెద్ద నగరాలలో జరిపి 1999లో ఫలితాలు ప్రకటించింది. వాటిలో హైదరాబాదు కూడా ఉన్నది. పరీక్షించిన పన్నెండేళ్ళ లోపు పిల్లలలో సగానికి పైగా మందికి డెసిలీటరు రక్తంలో 10 మైక్రోగ్రాములకన్నా ఎక్కువ సీసం ఉన్నది. నేడు అమెరికాలో 3.5 కనిపించినా దృష్టి పెడతారు. నిజమే, అప్పుడు పెట్రోలులో కూడా సీసం కలిపేవారు, 2000లో అది ఆగింది. రంగు మాత్రం ఇళ్ళలో మిగిలి ఉన్నది.

అందువల్ల ఉప్పు కాగితంతో పొడిగా రుద్దడమంత చెడ్డ పని మరొకటి లేదని నా అభిప్రాయం. గట్టిగా అంటిపెట్టుకొని ఉన్న రంగు చాలావరకు హాని చేయదు. దానిని మనమే పొడి చేసి గాలిలోకి ఎగరవేస్తాము! కంటికి కనిపించే ధూళి కింద పడుతుంది. కనిపించనిది గంటల తరబడి గాలిలో తేలుతూ పరుపుల మీద, అన్నం గిన్నెల మీద, నేల మీద వాలుతుంది. రేపు బిడ్డ పాకేది ఆ నేలమీదనే. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే చోట్లకు వెళ్ళి చూడండి. మరతో రాతిని కోసేటప్పుడు తెల్లని ధూళి మేఘంలా లేస్తుంది. ఆ రాతిపొడి ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. కోసే చోట నీళ్ళు పోస్తే ధూళి తడిసి బురదగా కిందికి జారుతుంది. అదే సూత్రం ఉయ్యాలకూ వర్తిస్తుంది. మంటతో కాల్చి రంగు ఊడదీయడం ఇంకా ప్రమాదం. సీసం ఆవిరిగా, పొగగా లేస్తుంది.

మరి ఉయ్యాలను పారేయాలా? అక్కరలేదు. నల్లమల టేకుతో చేసిన ఉయ్యాలను పారేసి బజారునుంచి రంపపుపొట్టు పలకల మంచం తేవడం నాకు నచ్చదు. ఆ పలకలను అతికించే జిగురునుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు నెలల తరబడి వస్తూ ఉంటుంది. ఉయ్యాలకు రంగు పెచ్చులూడకుండా ఉంటే తడిగుడ్డతో తుడిచి వాడుకోండి. బిడ్డకు అయిదారు నెలలు నిండి పళ్ళు వచ్చే వేళ చేతికి అందిందల్లా కొరుకుతుంది, కనుక పై కమ్మీకి ఉతికిన గుడ్డ చుట్టి కుట్టేయండి. రంగు ఊడుతూ ఉంటే మాత్రం పని తెలిసిన వడ్రంగికి అప్పగించాలి. అదీ ఇంటికి దూరంగా, ఆరుబయట, కొయ్యను తడుపుతూ, ముక్కుకు మంచి ముసుగు కట్టుకొని, కింద ప్లాస్టిక్ పట్టా పరచి చేయాలి. పని బట్టలు విడిగా ఉతకాలి. వడ్రంగికీ ఇంట్లో పిల్లలుంటారు గదా! ఇదంతా కుదరకపోతే ఉయ్యాలను అటకమీదనే ఉంచి, దూలానికి చీర ఉయ్యాల కట్టండి. చీర ఉయ్యాలను వారానికి రెండుసార్లు ఉతకవచ్చు. ఏ ఎనామిల్ ఉయ్యాలకు ఆ సౌకర్యం ఉన్నది?

రంగు తీసిన తరువాత మళ్ళీ రంగే వేయాలని లేదు. టేకు కొయ్య ఏ పూత లేకపోయినా చెడదు. మెరుపు కావాలంటే లక్క పాలిష్ ఉన్నది. లక్క పురుగు కొమ్మలపై స్రవించే జిగురే లక్క. మాత్రలపై పూతగా కూడా దానిని వాడతారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు పసుపు, నీలిమందు వంటి చెట్ల రంగులను లక్కలో కలిపి వేస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. లక్కను కరిగించే స్పిరిట్ మాత్రం విషమే, మంటకు త్వరగా అంటుకొంటుంది. అది పూర్తిగా ఆవిరైపోవాలి. అందుకే ఏ పూతయినా ఏడో నెలకు ముందే ముగించాలి.

అవిసె నూనె పూసేవారు ఇంకొక సంగతి తెలుసుకోవాలి. ఆ నూనె నీటిలా ఆవిరైపోయి ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అలా కలిసేటపుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డను ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక పెరిగి పెరిగి, నిప్పు లేకుండానే గుడ్డ అంటుకోవచ్చు. మన మే నెల ఎండలలో మరీ జాగ్రత్త! గుడ్డను విప్పి దండెం మీద ఆరవేయాలి, లేదా నీళ్ళ బకెట్టులో ముంచాలి.

ఉయ్యాల తరువాత గది. ఈమధ్య ఫోనులో చూసి బిడ్డ గదికి అడవి, మేఘాలు, ఏనుగులు అని ఒక్కొక్క కథ పెట్టి గోడలన్నీ రంగులు వేయిస్తున్నారు. ఆడపిల్లకు గులాబీ, మగపిల్లవాడికి నీలం అట! మీ అక్క సంతోషం కోసమైతే నేను కాదనను. బిడ్డ కోసమంటే మాత్రం ఒప్పుకోను. అప్పుడే పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం వరకే కాస్త స్పష్టంగా కనిపిస్తుంది. ఒళ్ళో ఉన్న బిడ్డకు తల్లి ముఖం సరిగ్గా ఆ దూరంలోనే ఉంటుంది. రంగుల మధ్య తేడా బాగా తెలియడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫాంట్జ్ పసిపిల్లలకు రకరకాల బొమ్మలు చూపి, వారు దేనిని ఎంతసేపు చూస్తున్నారో లెక్కగట్టాడు. 1961లో ఆయన ప్రకటించిన ఫలితం ఇది: వట్టి రంగు బిళ్ళలకన్నా గీతలు, గళ్ళు, అన్నిటికన్నా మనిషి ముఖం బిడ్డలను ఎక్కువగా ఆకర్షిస్తాయి.

ఈ ప్రయోగం మీరూ చేయవచ్చు. పైసా ఖర్చు లేదు. ఒక నల్లకాగితం మీద తెల్లని చుక్కల ముగ్గు లావు గీతలతో వేయండి. ఇంకొక కాగితాన్ని వట్టిదే ఉంచండి. బిడ్డకు నెల దాటాక, మెలకువగా, ఆకలి లేకుండా ఉన్న వేళ, రెండింటినీ ముఖానికి జానెడు కన్నా కాస్త ఎక్కువ దూరంలో పక్కపక్కన పట్టుకొని, కళ్ళు ఎటు నిలుస్తాయో గడియారంతో లెక్కపెట్టండి. కుడి ఎడమలు మార్చి మళ్ళీ చేయండి. బిడ్డ ముఖం తిప్పుకొంటే వెంటనే ఆపండి. ఎన్ని క్షణాలో కాగితం మీద వ్రాసుకోండి.

గదికి కావలసినవి ఎదురెదురు కిటికీలు, దోమతెర, తడిగుడ్డతో రోజూ తుడిచిన నేల. మిగిలిన డబ్బుతో మీ అక్కకు పాలు, ఆకుకూరలు, వేరుసెనగ చిక్కీ తెచ్చిపెట్టండి.

కొయ్య ఉయ్యాలనే వాడాలని నిర్ణయించుకొంటే స్కేలు తీసుకొని కమ్మీకి కమ్మీకి మధ్య సందు కొలవండి. బిడ్డ మొండెం దూరి తల ఇరుక్కొన్న ప్రమాదాలు జరిగిన తరువాత అమెరికాలో 1973లో ఈ సందు సుమారు 6 సెంటీమీటర్లకు మించరాదని నియమం పెట్టారు. పాత ఉయ్యాలలలో సందులు అంతకన్నా వెడల్పుగా ఉండవచ్చు. అలా ఉంటే వడ్రంగిచేత మధ్యలో మరొక కమ్మీ వేయించండి. ఆ కమ్మీకి రంగు వేయించకండి.