మా ఫీజు పడలేదు కాబట్టి సార్‌కు జీతం లేదా?

 

నేను సైదాబాద్‌లో హాస్టల్‌లో ఉండి, ఎల్బీనగర్ వైపు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. పోయిన నెల బోనఫైడ్ కోసం ఆఫీసు కౌంటర్ కాడ లైన్ల నిలబడ్డ. లోపల మా అకౌంట్స్ సార్ జీతం అడుగుతున్నడు. మూడు నెలలైందట. ఆఫీసాయన మా దిక్కు చెయ్యి చూపించి, "వీళ్ల ఆర్‌టీఎఫ్ పడలే సార్, నేనెక్కడికెళ్లి తేవాలె?" అన్నడు. లైన్ల ఉన్నోళ్లం అందరం ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలమే. సార్ మమ్మల్ని ఏమనలే. బయటికొచ్చి "క్లాసుకు టైమైంది, పదండ్రి" అన్నడు, అంతే. ఆయన కూడా తండా నుంచి వచ్చినాయనే, ఓయూలో పీహెచ్‌డీ చేసిండు. ఆ రోజు క్లాసులో నేను తల ఎత్తలేకపోయిన, ఆయన ఇంటి కిరాయి నేనే ఆపినట్టు అనిపించింది.

తర్వాత నిమ్మళంగా ఆలోచించిన. ఆఫీసాయన మాటల సగం నిజం ఉంది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్దఎత్తున మొదలైనంక మనసొంటోళ్లం ఇంత దూరం వచ్చినం. బకాయిలు పేరుకుపోయి 2025 నవంబర్ 3 నుంచి ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా పెట్టినయ్. కానీ ఆ బాకీ సర్కారుది, నాది కాదు. ఈపాస్‌లో అప్లై చేసుడు, వేలిముద్ర పెట్టుడు, నా పని నేను చేసిన. ఫీజు లేటుగా వస్తదని తెలిసే కాలేజీ నాకు సీటు ఇచ్చింది.

మిగతా సగం ఎవరూ చెప్పరు. బంద్ అప్పుడు లెక్చరర్ల జీతాల పేరే ముందు పెట్టిండ్రు. చర్చలయ్యి కాలేజీలు తెరిచినంక మా సార్‌కు పడ్డది ఒక్క నెల జీతం. ఇంజినీరింగ్ లాంటి కోర్సులకు టీఏఎఫ్‌ఆర్‌సీ ఫీజు పెట్టేది కాలేజీ చూపించే ఖర్చు లెక్కల మీద, ఆ ఖర్చుల జీతాలది పెద్ద భాగం. అంటే ఆ జీతాలు నిజంగా ఇస్తున్నరా లేదా అన్నది మన ఫీజు ముచ్చటే. మా హాస్టల్‌లో ఇంజినీరింగ్ చదివే అన్న చెప్పిండు, వాళ్ల మేడమ్‌కు అకౌంట్ల జీతం వేసి, అందుల కొంత మళ్లీ చేతికి ఇయ్యమంటరట. గీ ముచ్చట ఒక్క కాలేజీదే కాదని మీకూ తెలుసు. ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు మెడికల్ కాలేజీల ఫీజు ఏడింతలు చేసి ఏడాదికి 24 లక్షలు పెట్టిన కేసులో, చదువు లాభాల కోసం చేసే వ్యాపారం కాదని 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు ఢిల్లీల ఉంది, మా ఇంటర్ మెమోలు, సార్ పీజీ ఒరిజినల్స్ మాత్రం కాలేజీల ఒకే బీరువాల ఉన్నయ్.

సర్కారు కాలేజీలు బాగున్నయా అంటే అదీ లేదు. జూనియర్ కాలేజీల గెస్ట్ లెక్చరర్‌కు పీరియడ్‌కు 390 రూపాయలు, నెలకు 72 పీరియడ్ల వరకే. అన్నీ చెప్పినా 28,080. దసరా సెలవులొస్తే, పరీక్షలొస్తే పీరియడ్లు ఉండయ్, పైసలూ ఉండయ్. డిగ్రీ, యూనివర్సిటీల గెస్ట్ ఫ్యాకల్టీకి క్లాసుకు 1,500, నెలకు 50,000 దాకా ఇయ్యొచ్చని యూజీసీ 2019లోనే చెప్పింది. గుజరాత్‌లో నెలకు 30,000కు పనిచేస్తున్న కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్లకు రెగ్యులర్ వాళ్ల కనీస స్కేలు ఇయ్యాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. మన దగ్గర 2023లో కొంతమంది కాంట్రాక్ట్ లెక్చరర్లను రెగ్యులర్ చేసిండ్రు, గెస్టులు మాత్రం గెస్టులుగనే మిగిలిండ్రు.

కొందరు అన్నలు అంటరు, జీతాల లొల్లి లెక్చరర్లది, మనకెందుకు అని. రెండో సెమ్‌లో మాకు ఒకే పేపర్‌కు ముగ్గురు సార్లు మారిండ్రు. జీతం రాక ఒకాయన పోయిండు, ఇంకొకాయన దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌కు పోయిండు. మొదటి యూనిట్ మూడుసార్లు విన్నం, ఐదో యూనిట్ ఎవ్వరూ చెప్పలే. ఆ పేపర్‌ల నాకు బ్యాక్‌లాగ్ పడ్డది. బ్యాక్‌లాగ్ నా మెమోల ఉంటది, సార్లు మారిన సంగతి ఏ మెమోలా ఉండదు. ఊరికి పోతే మా యాడి "చదువుతలేవా బేటా?" అని అడిగింది. ఏం చెప్పాలె?

ఇంకో భయం కూడా ఉంది. గట్టిగా అడిగితే కాలేజీ మూస్తరు, మన సీటు పోతది అని. నాకూ ఉంది ఆ భయం. అందుకే కాలేజీల మీదికి కొట్లాటకు పోదామని నేను అంటలేను. మన సంఘాలు ఆర్‌టీఎఫ్ విడుదల చెయ్యాలని ప్రతిసారి మెమొరాండం ఇస్తయ్ కదా, అందుల ఇంకో రెండు లైన్లు రాయాలె. ఆర్‌టీఎఫ్ పైసలు తీసుకున్న కాలేజీ, లెక్చరర్లకు బ్యాంకుల జీతాలు వేసినట్టు రుజువు ఇచ్చినంకనే తర్వాతి విడత ఇయ్యాలె. బాకీ పేరుతోటి పిల్లల మెమోలు గానీ, సార్ల సర్టిఫికెట్లు గానీ ఆపొద్దు. మొదటిదానికి ఒక చిక్కు ఉంది, ఒప్పుకుంట: సర్కారే లేటు చేస్తే కాలేజీ ముందు జీతం ఎట్ల ఇస్తది? దీనికి సీనియర్ అన్నలు, ముఖ్యంగా లా చదివేటోళ్లు దారి చెప్పాలె.

ఈ ఆదివారం టిఫిన్ అయినంక హాస్టల్ మెస్ కాడ కూర్చుందాం. మీ కాలేజీల ఎంతమంది సార్లకు, మేడమ్‌లకు ఎన్ని నెలల జీతం ఆగిందో కనుక్కొని రండి. వాళ్ల పేర్లు మాత్రం ఏడ రాయొద్దు, ఉన్న నౌకరీ పోతది.