శిల లోపలి మంచుకు పదేళ్ల లెక్క

కనీసం రెండేళ్ల పాటు ఎడతెగకుండా సున్నా డిగ్రీల సెల్సియస్ వద్దగానీ అంతకు దిగువనగానీ ఉండే నేలను భూవిజ్ఞానులు పెర్మాఫ్రాస్ట్ అంటారు. సైబీరియా, అలాస్కాల మైదానాల వల్ల ఈ పేరు లోకానికి పరిచయమైనా, ఆల్ప్స్, హిమాలయాల వంటి పర్వతాల్లో అది చాలాచోట్ల శిల లోపల, నిట్టనిలువు రాతిగోడల పగుళ్లలో మంచుగడ్డగా ఇమిడి ఉంటుంది గనుక కొండ ఎక్కినవారికి గానీ పైనుంచి చూసే ఉపగ్రహానికి గానీ నేరుగా కనబడదు. పగులుకు రెండు వైపులా ఉన్న రాతిని పట్టి ఉంచేది ఆ మంచుగడ్డే. అది పూర్తిగా కరిగేదాకా పట్టు నిలుస్తుందనుకోవడం పొరపాటు. నమూనా వాలులపై బ్రిటన్ పరిశోధకులు చేసి 2001లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, మైనస్ ఒకటిన్నర డిగ్రీకీ సున్నాకూ మధ్య ఉన్న మంచుతో నిండిన పగులు, అసలు మంచే లేని పగులు కన్నా బలహీనంగా ఉండే వీలుంది. అంటే ప్రమాదం కరిగిన తరువాత కాదు, కరగడానికి సిద్ధమవుతున్న దశలోనే మొదలవుతుంది.

ఈ సంగతికి 2003 వేసవి బహిరంగ రుజువు చూపింది. యూరప్ అంతటా వడగాడ్పులు వీచిన ఆ జులైలో, 4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరానికి స్విట్జర్లాండ్ వైపు నుంచి ఎక్కే ప్రధాన మార్గమైన హోర్న్‌లి గట్టు మీద వెయ్యి ఘనపు మీటర్లకు పైగా రాయి విరిగిపడగా, రాయి ఊడిన చోట మంచుగడ్డ బయటపడింది. ఆ ఏడు ఆల్ప్స్‌లో ఇలాంటి శిలాపాతాలు ఎన్నో జరిగాయి. అయితే పగులు లోపల ఏ రోజు ఎంత ఉష్ణోగ్రత ఉన్నదో, పగులు ఎప్పటి నుంచి ఎంతెంత తెరుచుకుంటూ వచ్చిందో చెప్పగల కొలతలు ఎవరి దగ్గరా లేకపోవడం వల్ల కారణాలను గురించిన చర్చ చాలావరకు అనుమానాల స్థాయిలోనే నిలిచిపోయింది.

అప్పటికి ఉన్న పద్ధతి రాతికి రంధ్రం వేసి, కొలతలను తనలోనే దాచుకునే ఒక చిన్న పరికరాన్ని బిగించి, మరుసటి వేసవిలో వెళ్లి తీసుకురావడం. పరికరం రెండో నెలలోనే పాడైపోతే ఆ సంగతి మరో పది నెలల తరువాత గానీ తెలిసేది కాదు. ఏడాది లెక్క పోయినట్టే. ఈ కొరతను తీర్చే ఉద్దేశంతో ఈటీహెచ్ జ్యూరిక్‌, జ్యూరిక్, బాసెల్ విశ్వవిద్యాలయాలకు చెందిన కంప్యూటర్ ఇంజినీర్లు, భూగోళ శాస్త్రజ్ఞులు కలిసి 2006 ప్రాంతంలో ‘పెర్మాసెన్స్’ అనే పరిశోధనను ఆరంభించి, ముందు యుంగ్‌ఫ్రౌయోక్ కనుమ వద్ద ప్రయత్నించి చూసి, 2008లో హోర్న్‌లి గట్టు మీద 3,500 మీటర్ల ఎత్తున, 2003లో రాయి విరిగిన చోటికి ఆనుకునే, తీగలు అవసరం లేని సెన్సార్ల జాలాన్ని నెలకొల్పారు.

రెండు శాస్త్రాలవారు కలిసి పనిచేశారని ఒక్క వాక్యంలో చెప్పడం తేలికే గానీ, వారు ఎదుర్కొన్న పొత్తు కుదరని విషయాలను గమనిస్తేనే ఈ పరిశోధన విలువ తెలుస్తుంది. ఆ రోజుల్లో వైర్‌లెస్ సెన్సార్లపై పనిచేస్తున్న కంప్యూటర్ శాస్త్రజ్ఞుల ఊహాలోకం వేరు: ధూళి రేణువుల్లా చవకైన పరికరాలను వేలకొద్దీ వెదజల్లితే, వాటిలో కొన్ని చెడిపోయినా మిగిలినవి సర్దుకుంటాయని, పైగా అవి తమలో తామే కొలతలను కుదించి సారాంశాన్ని మాత్రమే పంపుతాయని వారి అంచనా. భూవిజ్ఞానికి కావలసింది దీనికి సరిగ్గా ఎదురు. రాతిగోడకు తాడు కట్టుకుని వేలాడుతూ బిగించవలసిన పరికరాలు ఇరవై ముప్పై మాత్రమే ఉంటాయి. ప్రతి ఒక్కటీ ఎంచి ఎంచి పెట్టినదే గనుక ఒకటి మూగబోతే ఆ లోటును పక్కది పూడ్చలేదు. ఇక కొలతలంటారా, ముడిగా ఉన్నవి ఉన్నట్టు, ఒక్కటీ పోకుండా రావాలి, ఎందుకంటే ఏది సారమో ఏది పిప్పో ఆ రోజున ఎవరికీ తెలియదు. చివరకు ఇంజినీర్లే తమ ఊహాలోకాన్ని వదులుకుని, తక్కువ పరికరాలతో ఎక్కువ కాలం నిలిచే పద్ధతికి దిగివచ్చారు. కంప్యూటర్ శాస్త్రంలో కొత్తదనానికే తప్ప నమ్మకానికి మార్కులు పడవు కాబట్టి, ఇది చిన్న త్యాగమేమీ కాదు.

పరికరాల పనితీరులోనూ ఆ పట్టుదల కనిపిస్తుంది. ఒక్కో నోడు, అంటే సెన్సార్, చిన్న ప్రాసెసర్, రేడియో, బ్యాటరీ కలిసిన పెట్టె, రెండు నిమిషాలకొకసారి రాతిలో వేర్వేరు లోతుల వద్ద ఉష్ణోగ్రతను, పగులు వెడల్పును కొలుస్తుంది. చలికి తట్టుకునే లిథియం బ్యాటరీ మీద మూడేళ్ల పాటు ఎవరూ ముట్టుకోకుండా అది నడవాలన్నది రూపకర్తలు పెట్టుకున్న నియమం. విద్యుత్తును ఎక్కువగా తినేది రేడియో గనుక, ఈటీహెచ్‌లోనే తయారైన ‘డోజర్’ అనే సమాచార ప్రసార పద్ధతిలో నోడ్లు ముందుగా ఏర్పరచుకున్న వేళలకు మాత్రమే మేలుకుని, ఒకదాని మాట మరొకటి అందుకుని, మళ్లీ నిద్రపోతాయి. వెయ్యి సెకన్లలో రేడియో పనిచేసేది రెండు సెకన్లకు మించదు. కాలం లెక్క ఇంతకంటే చిక్కయినది. నోడులోని గడియారాన్ని నడిపే స్ఫటికం చలికి మందగిస్తుంది. మంచు పేరుకుని రేడియో మార్గం మూసుకుపోతే రోజుల నాటి కొలతలు తరువాతెప్పుడో గుంపుగా వస్తాయి, ఒక్కోసారి వరస తప్పి, ఒకటే రెండుసార్లు కూడా వస్తాయి. అందుచేత కొలత తీసిన క్షణం నుంచి అది కేంద్రానికి చేరేదాకా గడిచిన వ్యవధిని మాత్రమే నోడు చెప్పగా, అసలు సమయాన్ని వెనక్కి లెక్కగట్టే ఏర్పాటు చేశారు. పగులు తెరుచుకున్నది మధ్యాహ్నపు ఎండకా, రాత్రి చలికా అన్న ప్రశ్నకు జవాబు ఈ లెక్క మీదే ఆధారపడి ఉంది.

అలా పోగైన కొలతల వల్ల తేలిన ముఖ్యాంశం, పగుళ్ల కదలికలో రెండు ధోరణులు కలిసి ఉంటాయన్నది. మొదటిది ఏడాది పొడవునా సాగే రాకపోక: చలికి రాయి కుంచించుకుంటే పగులు తెరుచుకుంటుంది, వేడికి రాయి వ్యాకోచిస్తే మూసుకుంటుంది, చివరకు మొదటి చోటికే వస్తుంది. రెండోది వేసవిలో, కరిగిన నీరు పగుళ్లలోకి దిగే రోజుల్లో మొదలై, తిరిగి వెనక్కి రాని జరుగుబాటు. కొండ నిలకడకు ముప్పు తెచ్చేది ఈ రెండోదే. అయితే అది మొదటిదాని మాటున దాగి ఉంటుంది కాబట్టి, ఒకటి రెండేళ్ల కొలతలతో దానిని విడదీసి చూపడం దాదాపు అసాధ్యం. 2019లో ప్రచురితమైన పదేళ్ల (2008–2018) సమాచారంలో 29 చోట్ల 17 రకాల సెన్సార్లు నమోదు చేసిన 11 కోట్లకు పైగా కొలతలు ఉన్నాయి.

తరువాతి ఏళ్లలో రాతి సూక్ష్మ ప్రకంపనలను వినే పరికరాలు కూడా ఈ జాలంలో చేరగా, మరో శాస్త్రం సాయం అవసరమైంది. పగులు చిట్లిన సవ్వడి అనుకున్నవాటిలో చాలా భాగం గట్టు మీద నడిచే పర్వతారోహకుల అడుగులని తేలడంతో, కెమెరా చిత్రాల ఆధారంగా మనుషుల అలికిడిని వేరు చేయడం యంత్రాభ్యసన పద్ధతులకు నేర్పవలసి వచ్చింది. జనం రాని కొండ దొరికితే బాగుండేదేమో గానీ, జనం రాని కొండ కోసం నిధులు ఎవరిస్తారు?

నిధుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఇటువంటి జాలాలను ముందస్తు హెచ్చరిక యంత్రాలుగా చూపించే అలవాటు శాస్త్రజ్ఞులకూ ప్రభుత్వాలకూ ఉంది. అది సగం నిజమే. 2025 మేలో స్విట్జర్లాండ్‌లోని బ్లాటెన్ గ్రామాన్ని బిర్చ్ హిమానీనదం, దాని మీద పడిన కొండరాళ్లు కలిసి కప్పివేయడానికి తొమ్మిది రోజుల ముందే దాదాపు 300 మంది గ్రామస్థులను ఖాళీ చేయించగలిగారు. ఆ నిర్ణయానికి చివరి రోజుల్లో కొండ కదలికపై పెట్టిన నిఘా ఎంత అవసరమో, ఏ కొండను అనుమానించాలో ఏళ్ల తరబడి నేర్చుకున్న జ్ఞానం కూడా అంతే అవసరం. మాటర్‌హార్న్ సెన్సార్లు ఈ రెండో కోవకు చెందినవి. ఫలానా రాయి ఫలానా రోజున పడుతుందని అవి చెప్పలేవు; రాయి ఎందుకు, ఏ పరిస్థితుల్లో వదులవుతుందో చెబుతాయి.

హిమాలయాల్లో కొరవడింది ఈ రెండో జ్ఞానమే. లేహ్ సమీపంలో 4,700 మీటర్ల ఎత్తున భారత పరిశోధకులు పెర్మాఫ్రాస్ట్ నేల మీద ఉష్ణ సమతౌల్యాన్ని కొలిచి 2021లో ప్రచురించిన అధ్యయనంలో పెర్మాసెన్స్ ఆరంభకుల్లో ఒకరికి భాగముంది. అలాంటి కేంద్రాలు మన పర్వతశ్రేణి పొడవుతో పోలిస్తే వేళ్ల మీద లెక్కించదగినన్నే. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో రోంటీ శిఖరం నుంచి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్ల శిల, మంచు ఊడిపడి, 200 మందికి పైగా మరణించడమో గల్లంతవడమో జరిగినప్పుడు, హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆ ప్రాంతంలో భూకంపాల కోసం నెలకొల్పిన కేంద్రాల్లో ఆ సంకేతాలు నమోదయ్యాయి. ఆ సంస్థ శాస్త్రజ్ఞులు జర్మనీ పరిశోధకులతో కలిసి వాటిని విశ్లేషించి, అలాంటి జాలాన్ని వరద హెచ్చరికకు వాడుకోవచ్చని చూపారు. ఆ కేంద్రాలు వినగలిగింది కొండ విరిగిన తరువాతి సవ్వడిని. విరగక ముందు పగుళ్లలో ఏం జరుగుతూ వచ్చిందో చెప్పగల కొలతలు ఆ శిఖరం మీద లేవు.

సిక్కిం సంగతి ఇంకా చేదుగా ఉంటుంది. దక్షిణ ల్హోనాక్ సరస్సు వద్ద భారత, స్విస్ నిపుణులు కలిసి కెమెరాను, వాతావరణ పరికరాలను అమర్చింది 2023 సెప్టెంబరులో. ప్రమాద ఘంటిక మోగించే భాగం తరువాతి దశకు మిగిలింది. అక్టోబరు 3 రాత్రి సరస్సు ఒడ్డున గడ్డకట్టి ఉన్న మొరైన్, అంటే హిమానీనదం నెట్టుకొచ్చి పోసిన రాళ్లమట్టి కట్ట, దాదాపు 1.5 కోట్ల ఘనపు మీటర్ల మేర జారి నీటిలో పడగా, ఎగసిన కెరటం సరస్సు కట్టను తెంచడంతో, వెల్లువెత్తిన వరదకు చుంగ్‌తాంగ్ వద్ద 1,200 మెగావాట్ల తీస్తా-3 జలవిద్యుత్ ఆనకట్ట కొట్టుకుపోయింది. నీటిలో పడిన ఆ మొరైన్ పెర్మాఫ్రాస్ట్‌తో కూడినదని, అది ఏళ్లుగా కదులుతూ వచ్చిందని పరిశోధకులు పాత ఉపగ్రహ చిత్రాలను వెనక్కి తిరగేసి తేల్చింది అది జారిన తరువాతే.